ఎర్రకొండ మీదికి సైకిల్ దారి

శ్రీకాకుళంలో మాది సైకిళ్ల కొట్టు. మా మామగారు పెట్టారు. ఆయన పోయాక మా ఆయనా, ఆయన అన్నగారూ కలిసి చూసుకుంటున్నారు. బడికెళ్లే ఆడపిల్లల సైకిళ్లు, పాలవాళ్ల బరువు సైకిళ్లు, పసిపిల్లల మూడు చక్రాల బళ్లు, ఇవీ మా సరుకు. రెండువేల పన్నెండో పదమూడో, ఆ ప్రాంతంలో మా ఆయన విశాఖపట్నం వెళ్లి ఒక గేరు సైకిల్ తెచ్చారు. కొండల మీద తొక్కేదట. లావుపాటి టైర్లు, ముందు ఫోర్కుకి స్ప్రింగులు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు. దాన్ని అద్దం వెనక నిలబెట్టారు. వచ్చినవాళ్లందరూ దాని చుట్టూ తిరిగేవారు, గేర్లు టకటకలాడించేవారు, ఆఖరికి మామూలు సైకిల్ కొనుక్కుని వెళ్లిపోయేవారు. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, అది కనబడినప్పుడల్లా నిట్టూర్చేవారు.

అన్నదమ్ములిద్దరూ భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు కొట్లో నేను కూర్చునేదాన్ని. మిట్టమధ్యాహ్నం బేరాలు ఉండవు. ఎదురుగా ఆ సైకిల్. మా పుట్టిల్లు కోటబొమ్మాళి దగ్గర. హైస్కూలుకి వరిచేల గట్ల మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్లినదాన్ని. వానాకాలంలో జానెడు వెడల్పు గట్టు మీద, రెండు పక్కలా నీళ్లుంటే, హ్యాండిల్ వణక్కుండా పట్టుకుని పోవడం నాకు బాగా వచ్చు. అలాంటిది, ఇన్ని సైకిళ్లున్న ఇంటికి కోడలిగా వచ్చాక ఒక్కసారి కూడా సైకిలెక్కలేదు. ఎవరూ ఎక్కొద్దనలేదు. ఎక్కమనీ అనలేదు.

ఒక ఆదివారం టీ తాగుతూ, ఆ గేరు సైకిల్ నేను తొక్కుతానని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదని చూసి, గ్లాసు కింద పెట్టి, సీటు ఎంత ఎత్తు పెట్టమంటావని అడిగారు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం ఆ ప్రశ్న వల్లనే.

మా అత్తగారికి మాత్రం ఆ సంగతి మింగుడు పడలేదు. వీధి అరుగు మీద కూర్చుని, నేను చున్నీ నడుముకి కట్టుకుని సైకిల్ బయటికి తీస్తుంటే చూశారు.

"అమ్మీ, పడితే నిన్ను ఎవులు సూస్తారు? పడకపోతే ఊరంతా సూస్తాది," అన్నారు.

నిజంగానే ఊరంతా చూసింది. అరసవల్లి వైపు ఆటోలవాళ్లు హారన్ కొట్టడం మానేసి మరీ చూశారు. మా వీధిలో అందరూ తెలిసినవాళ్లే, సగం మంది మా కొట్లో సైకిల్ కొన్నవాళ్లే. మొదటివారం చున్నీ చైన్లో పడి చిరిగింది. రెండోవారం మా ఆయన పాత ట్రాక్ ప్యాంటు వేసుకున్నాను. నెల తిరిగేసరికి చూసేవాళ్లు తగ్గారు. చూసి చూసి వాళ్లకీ విసుగొచ్చింది.

ఆ రోజుల్లోనే బ్రేకు రబ్బర్ల కోసం ఒకావిడ కొట్టుకి వచ్చింది. నాకంటే చిన్నది. నాగావళి సముద్రంలో కలిసేచోట ఉన్న ఒక పల్లె వాళ్లది. వాళ్ల నాన్నా అన్నలూ వేటకెళ్తారు, వాళ్లమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఆవిడ ఆడపిల్లల బడిలో పీటీ టీచరు. రోజూ పల్లె నుంచి బడికి గేరు సైకిల్ మీదే వస్తుందట. నా సైకిల్ చూసి ఎవరిదని అడిగింది. నాదని చెప్తే కాసేపు నన్నూ సైకిల్నీ మార్చి మార్చి చూసి, వచ్చే ఆదివారం ఏటి గట్టు మీంచి సముద్రం దాకా వస్తారా అంది. నేను ఆలోచించకుండా వస్తానన్నాను.

ఆ దారి మొదట గట్టి మట్టి, తర్వాత అంతా ఇసుక. ఇసుక మొదలవగానే నా ముందు చక్రం కూరుకుపోయింది. ఆవిడ దిగి రెండు టైర్లలోనూ కొంచెం గాలి తీసేసింది. అప్పుడు సైకిల్ ఇసుక మీద పరుచుకున్నట్టు నడిచింది. సరుగుడు తోటల మధ్య నీడలో పోతుంటే చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. మొగలి పొదలు మోచేతులు గీరేశాయి. వాళ్ల ఇంటి దగ్గర దిగాం. మాది శాకాహారమని కూతురు ముందే చెప్పినట్టుంది, వాళ్లమ్మ వేరే గిన్నెలో చోడి అంబలి, అదే రాగి అంబలి, కలిపి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పక్కన పెట్టి ఇచ్చింది. అంత రుచిగా ఏదీ తిన్న గుర్తు లేదు నాకు.

అలా ఆదివారాలన్నీ మావే అయ్యాయి. ఆవిడ నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. చెరువు గట్లు, కాలవ గట్లు, తాటితోపుల మధ్య బళ్ల దారులు, శ్రీకాకుళం చుట్టూ మేం తిరగని డొంక లేదు. అలా తిరుగుతూ ఊరికి దూరంగా ఒక ఎర్రమట్టి కొండ చూశాం. పెద్దదేం కాదు. దక్షిణం పక్క నుంచి మేకలు నడిచే సన్నటి బాట పైదాకా వెళ్తుంది. ఆ బాటకి సగం దూరంలో అడ్డంగా ఒక నల్లరాయి, నీళ్లలో పడుకున్న గేదె వీపులా నున్నగా ఉండేది. పీటీ టీచరు మొదటిసారే దాన్ని దాటేసింది. నేను ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి కాలు కింద పెట్టేసేదాన్ని.

కాలు కింద పెట్టకుండా ఆ కొండ ఎక్కాలి. అదీ నేను పట్టిన పట్టు. కొండ మీద ఏముందని మా బావగారు అడిగారు. ఏమీ లేదు. ఇంట్లో నాకేం చేతనవుతుందో, ఏది చేతకాదో ఎప్పుడూ ఎవరో ఒకరు చెప్పేవారు. ఇది మాత్రం నాకు నేనుగా తెలుసుకున్న చేతకానితనం. దాని సంగతి నేనే తేల్చుకోవాలనిపించింది.

వానలు మొదలవడానికి ముందు ఒక ఆదివారం గట్టిగా తొక్కుకుంటూ రాయి మీదికి పోనిచ్చాను. ముందు చక్రం ఎక్కింది. నేను రాయినే చూస్తున్నాను. వెనక చక్రం జారింది. సైకిల్ ఎడమపక్కకి ఒరిగింది, నేను ఎడమ చెయ్యి ఆనించాను. మణికట్టు దగ్గర ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. నొప్పి వెంటనే తెలియలేదు. పీటీ టీచరు పరుగున వచ్చి, తన చున్నీతో ఒక కర్రని నా చేతికి కట్టి, కిందకి నడిపించి, ఆటో పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారంతా మాట్లాడుతూనే ఉంది, నేను కళ్లు మూస్తే ఊరుకోలేదు.

పిండికట్టుతో ఇంటికొస్తే మా అత్తగారు తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది. రోజూ పొద్దున్నే నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వి జడ వేసేవారు. ఒకచేత్తో నాకు కుదరదు కదా. ఒకరోజు జడ అల్లుతూ అల్లుతూ ఆగి, "ఇంక సాలమ్మీ. నీ ముచ్చట తీరిపోనాది," అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. నేను అవునని అనలేదు.

కొద్దిరోజులకి కొట్టుకి వెళ్తే నా సైకిల్ మళ్లీ అద్దం వెనక ఉంది. శుభ్రంగా తుడిచి, హ్యాండిల్‌కి ధర చీటీ కట్టారు. నేనింకా చూస్తూ ఉండగానే ఒక తండ్రీ కొడుకూ లోపలికొచ్చారు. కొడుకు కాలేజీ చదువు. నేరుగా నా సైకిల్ దగ్గరికే వెళ్లాడు. మా బావగారు లేచి, కొంచెమే వాడిందనీ, తగ్గించి ఇస్తామనీ చెబుతున్నారు.

"అది అమ్మకానికి కాదండి," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. మా బావగారికి ఎదురుగా నేను గొంతు పెంచి మాట్లాడినదాన్ని కాదు. అప్పుడూ పెంచలేదు.

"అమ్మకానికి కాకపోతే కొట్లో ఎందుకున్నట్టమ్మా?" అన్నారాయన.

"కట్టు విప్పేదాకా ఇక్కడుంటాది బావగారూ. ఆ తర్వాత నాతో వచ్చేస్తాది."

ఆ తండ్రి మొహమాటంగా నవ్వి, ఇంకో సైకిల్ చూపించమన్నాడు. మా బావగారు చూపించారు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. మర్నాడు నేను వెళ్లేసరికి చీటీ లేదు. ఆయనే తీశారని మా మెకానిక్ చెప్పాడు.

కట్టు విప్పాక చెయ్యి సన్నగా, తెల్లగా, ఎవరిదో చెయ్యిలా ఉంది. మణికట్టు సగమే తిరుగుతోంది. బ్రేకు నొక్కితే వేళ్లలో పట్టు లేదు. డాక్టరు బంతి పిసకమన్నారు. బంతి సంగతి అలా ఉంచి, మా కొట్లో గాలి కొట్టే పంపు ఉంది కదా అనుకున్నాను. ఆ వానాకాలమంతా కొట్టుకి వచ్చిన ప్రతి సైకిల్‌కీ నేనే గాలి కొట్టాను. మొదట్లో నాలుగు సార్లు కొట్టేసరికి కళ్లమ్మట నీళ్లొచ్చేవి. మెకానిక్ వద్దంటే నువ్వు పంచర్లు చూసుకో అనేదాన్ని. ఇంట్లో చపాతీ పిండి, రుబ్బురోలు పచ్చడి, తడిబట్టలు పిండడం, అన్నీ ఎడమచేత్తోనే. మా అత్తగారు గమనిస్తూనే ఉన్నారు.

వానలు తగ్గాక మళ్లీ సైకిలెక్కాను. కొన్నాళ్లు ఏటి గట్టు మీదే తిరిగి, చేతికి నమ్మకం కుదిరాక, ఒక ఆదివారం పీటీ టీచరూ నేనూ ఎర్రకొండకి బయల్దేరాం. దగ్గరికి వెళ్తుంటే దారి వెడల్పుగా అనిపించింది. లారీల చక్రాల గాడులు. మలుపు తిరిగాం.

కొండకి దక్షిణం పక్క లేదు. ఏదో రోడ్డు పని కోసం కంకరమట్టి తవ్వుకుపోయారు. బాట ఉండాల్సిన చోట నిలువెత్తు ఎర్రగోడ, పైన గాల్లోకి వేలాడుతున్న చెట్ల వేళ్లు. నా నల్లరాయి ముక్కలై కింద పడుంది. నేను ఇన్నాళ్లూ కలలో కూడా దాటుతూ వచ్చిన రాయి అది. ఒక ముక్క మీద కూర్చున్నాను. ఏడవలేదు గానీ, ఎవరో నా పని మధ్యలో నా చేతిలోంచి లాక్కుని పోయినట్టు అయింది. ఇక ఇంటికి పోదామన్నాను.

పీటీ టీచరు సైకిల్ దిగలేదు. తల ఎత్తి కొండని అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది.

"అక్కా, కొండకి ఒకటే పక్కుంటాదేటి?" అంది.

ఇద్దరం కొండ చుట్టూ తిరిగి ఉత్తరం పక్కకి వెళ్లాం. అక్కడ జీడిమామిడి తోట. చుట్టూ ముళ్లకంప. లోపల ఒక ముసలమ్మ కొడవలితో గడ్డి కోస్తోంది. తోట ఆవిడదే. పిల్లలకి పెళ్లిళ్లయిపోయాయట, ఒక్కతే చూసుకుంటోంది. ఏం కావాలని కేకేసింది. పీటీ టీచరు విడమరిచి చెప్పింది: తోటలోంచి పైకి ఒక సన్నటి దారి చేసుకుంటాం, చెట్లు ముట్టుకోం, ఊరికే సైకిల్ తొక్కుకోడానికి.

"సైకిలు మీద కొండెక్కుతారా? ఎందుకమ్మా?" అందావిడ.

పీటీ టీచరు నా వైపు చూసింది. "ఎక్కగలనో లేదో సూడాలని మామ్మా," అన్నాను.

ముసలమ్మ కొడవలి నడుముకి దోపుకుని, ఇంకా సరిగా తిరగని నా ఎడమ మణికట్టు చూసి, అది ఇక్కడే అయిందా అని అడిగింది. అవునన్నాను. తర్వాత షరతులు చెప్పింది. పూత మొదలైతే తోటలోకి రాకూడదు. కొమ్మ విరిస్తే ఊరుకోదు. వచ్చిన ప్రతిసారీ కంప మళ్లీ వేసెయ్యాలి, లేకపోతే మేకలు దూరతాయి.

అంటే పూత మొదలయ్యేలోపు మా దారి తయారవ్వాలి. పారా, గునపం, తట్టా మా కొట్టు వెనక గదిలోంచి తీసుకెళ్లాను. నిటారుగా పైకి పోతే తొక్కలేం గనక, ముగ్గు వేసినట్టు అటూ ఇటూ మలుపులు తిప్పుతూ గీత గీశాం. పొదలు కొట్టాం, రాళ్లు ఏరి అంచుకి పేర్చాం, మట్టి సరిచేశాం. ఆదివారాలు చాలక పీటీ టీచరు బడి అయ్యాక కూడా వచ్చేది. చేతులు బొబ్బలెక్కాయి. అవి మా అత్తగారి కంటబడ్డాయి.

తర్వాతి ఆదివారం మేం పనిలో ఉండగా కొండ కింద ఆటో ఆగింది. అందులోంచి మా అత్తగారు దిగారు. చేతిలో టిఫిన్ కేరేజీ. ఇంటి కోడలు ఎవరి తోటలోనో మట్టిపని చేస్తోందని ఆవిడకి ఎవరో చెప్పారట, కళ్లారా చూద్దామని వచ్చారు. ముసలమ్మ ఆవిడకి చెట్టుకింద గోనెసంచి పరిచింది. ఇద్దరూ కూర్చుని మమ్మల్ని చూస్తూ చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. నా వీపు మీద ఆ చూపులు తెలుస్తూనే ఉన్నాయి. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూస్తూ గునపం వేస్తున్నాను.

"ఆ రాయి అక్కడ పెడితే వానకి జారిపోద్ది," వెనక నుంచి మా అత్తగారి గొంతు. "కింద ఇంకోటి ఆనించాల. పునాది లేకుండా గోడ కడతారేటి ఎవులైనా?"

ఇంకో రాయి ఆనించాం. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మలుపు దాకా నడిచి వచ్చారు. ఇక్కడ నీరు నిలుస్తుంది, అక్కడ పక్కకి కాలవ తీయండి అని చెబుతూ పోయారు. మధ్యాహ్నం పులిహోర వడ్డిస్తూ, కాయలు కాసిన నా అరచెయ్యి పట్టుకుని తిప్పి చూసి వదిలేశారు. తర్వాత రెండు మూడు ఆదివారాలు కూడా వచ్చారు. ఆవిడ ఉంటే మాకు పని ఎక్కువయ్యేది, దారి మాత్రం గట్టిపడేది.

పూత ఇంకా పడలేదు, చిగుళ్లు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆ ఆదివారం పొద్దున్న మంచు కురిసి మట్టి కాస్త తడిగా ఉంది. పీటీ టీచరు ముందు వెళ్లి పై మలుపు దగ్గర నిలబడింది. నేను కింద నుంచి మొదలుపెట్టాను. మొదటి మలుపులు తేలిగ్గానే అయ్యాయి. సగం ఎక్కాక ఊపిరి అందలేదు. ఎడమ మణికట్టు సలపడం మొదలైంది. పక్కన, కంపకి అవతల మేకలు కాస్తున్న ఒకామె నాతోపాటే నడుస్తూ, ఎంతో జాలిగా, "దిగి నడిస్తే బేగి ఎల్లిపోదువు కదమ్మా," అంది. నవ్వొచ్చింది, నవ్వితే ఊపిరి పోతుందని ఆపుకున్నాను.

చివరి మలుపు అన్నిటికంటే నిటారు. అక్కడ లావుపాటి వేరు ఒకటి దారికి అడ్డంగా ఉంది. అది జీడిచెట్టుది గనక కొట్టలేదు. ముందు చక్రం దాని మీద ఎగిరింది. వెనక చక్రం జారింది. నా కుడికాలు పెడల్ మీంచి లేవబోయింది.

"అక్కా, ఆ వేరుకేసి సూడకు. నాకేసి సూడు," అంది పీటీ టీచరు.

ఆవిడని చూశాను. ముందుకి వంగి, బరువంతా హ్యాండిల్ మీదకి తెచ్చి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క తొక్కు తొక్కాను. చక్రం పట్టుకుంది. తర్వాత ఎలా తొక్కానో తెలీదు. నేల చదునైంది. పైన ఉన్నాను. సైకిల్ దిగకుండా అక్కడే ఒక చుట్టు తిరిగాను, దిగితే అయిపోతుందని. దూరంగా సముద్రం ఒక గీతలా ఉంది. పీటీ టీచరు వచ్చి నా భుజం మీద ఒక దెబ్బ వేసింది, చాలా గట్టిగా.

ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. ఎక్కడం సరే, దిగడమో అని అడిగారు. దిగాను కూడా అన్నాను. మళ్లీ ఏరుకుంటూ, పూత మొదలైపోతే ఇంక ఎండాకాలం దాకా వెళ్లరు కాబోలు, అని, ఈలోగా ఒకసారి తన ఎదుట తొక్కమన్నారు. తొక్కాను. నేను దిగేటప్పుడు ఆవిడ ఒళ్లో చేతులు పిసుక్కుంటూ కూర్చున్నారనీ, కళ్లు మాత్రం మూసుకోలేదనీ తోట ముసలమ్మ చెప్పింది.

ఆ తర్వాత సంవత్సరాల్లో మాతో ఇంకొందరు ఆడవాళ్లు వచ్చారు. పీటీ టీచరు బడిలోని లెక్కల టీచరొకావిడ, మా వీధి మందులషాపు ఆవిడ, నెల్లిమర్ల నుంచి బదిలీ మీద వచ్చిన నర్సు. కొందరు మానేశారు, కొందరు నిలిచారు. గేరు సైకిళ్లకి మా కొట్లో ఒక వరస వేరుగా పెట్టారు మా బావగారు.

తర్వాత ఒక అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చింది. గాలి తగ్గాక మేం తోటకి వెళ్తే సగం చెట్లు వేళ్లతో సహా పడిపోయి ఉన్నాయి. మా దారి కొమ్మల కింద ఎక్కడుందో కూడా తెలియలేదు. ముసలమ్మ ఒక పడ్డ చెట్టు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆ రోజు మేం దారి ఊసే ఎత్తలేదు. రంపాలూ గొడ్డళ్లూ తెచ్చుకుని వారం వారం వెళ్లి కొమ్మలు కోశాం, దుంగలు ఒకపక్కకి దొర్లించాం, గుంతలు తీశాం. వానలు పడ్డాక ఆవిడతోపాటు కొత్త జీడిమొక్కలు నాటాం. ఎక్కడ నాటాలో ఆవిడే చెప్పింది. చాలా మొక్కలు సరిగ్గా మా పాత దారి మీదే పడ్డాయి.

అందుకని మళ్లీ గీత గీశాం. కొత్త దారి మొక్కలకి ఎడంగా, బండల వైపు నుంచి వెళ్తుంది. పాతదానికంటే నిటారు. మొదటి ఆదివారం నేను రెండుచోట్ల కాలు కింద పెట్టాను. రెండోవారం ఒకచోట. ఇప్పటికీ ఆ బండ దగ్గర ఒక్కోసారి ఆగిపోతాను. ఆగినప్పుడల్లా సైకిల్ తిప్పుకుని, కిందికి దిగి, మళ్లీ మొదటి నుంచి ఎక్కుతాను.